ఆదివారం షికార్లు

కంపెనీ అతిథి గది, పదిహేడో అంతస్తు
మంగళవారం

వదినా,

చేరాం. ఒళ్ళు ఇక్కడికి వచ్చింది, నిద్ర ఇంకా దారిలోనే ఉంది. బయలుదేరేటప్పుడు మీరు "ఉత్తరం రాయి, ఫోనులో నువ్వు ఏ సంగతీ చెప్పవు, పక్కన వాడుంటాడు" అన్నారుగా. అందుకే పెట్టెల్లో సామాను సర్దడం ఇంకా పూర్తికాకుండానే ఇది రాస్తున్నాను.

పదిహేను గంటలు ఒకే కుర్చీలో కూర్చోవడమంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది. ఆస్పత్రిలో టెలిఫోన్ బోర్డు ముందు ఇరవై ఆరేళ్ళు కూర్చున్నదాన్ని, ఈ విద్యలో నన్ను మించినవాళ్ళు ఉండరనుకునేదాన్ని. ఆ గర్వం ఎనిమిదో గంటకే దిగిపోయింది. మీ తమ్ముడు మాత్రం బుద్ధిమంతుడిలా కూర్చున్నారు. విమానంలో అమ్మాయి వచ్చి ఏమడిగినా తల ఊపారు. తల ఊపినప్పుడల్లా టమాటా రసం వచ్చింది. నాలుగు గ్లాసులు తాగారు. ఆయనకి టమాటా రసం అంటే ఎంత ప్రేమో మీకు తెలుసు.

దిగాక, విమానం చెవులు మూసేసిందన్నారు. ఇవాళ్టికి ఆరు రోజులు, ఇంకా తెరుచుకోలేదట. పాస్‌పోర్టులు చూసే చోట ఎన్నాళ్ళుంటారని అడిగితే "లిఫ్టులు" అని జవాబు చెప్పారు. నేను వెనక గీత దగ్గర్నుంచి "పది వారాలు" అని అరిచాను. ఆ అధికారి నన్ను గీత వెనక్కి పొమ్మని చెయ్యి చూపించి, నవ్వి, ముద్ర వేశాడు.

అమెరికా అంటే ఎలా ఉందని మీరు అడుగుతారు. మా గది కిటికీలోంచి ఆకాశం కనిపించాలంటే అద్దానికి బుగ్గ ఆనించి పైకి చూడాలి. కింద వీధిలో మనుషులు ఎవరికో సమాధానం చెప్పుకోవాల్సినట్టు నడుస్తారు. ముప్పై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసినందుకు కంపెనీ ఇచ్చిన బహుమతి కదా, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆయన్ని వర్క్‌షాపుకి తీసుకెళ్ళి కొత్త యంత్రాలు చూపిస్తున్నారు. మన ఊళ్ళో మహా అయితే ఎనిమిదంతస్తులు ఎక్కినవారికి ఇక్కడ అరవై రెండు.

మొన్న ఆదివారం షికారుకి తీసుకెళ్తానన్నారు. మంచి చీర కట్టుకున్నాను. ఎక్కడికనుకున్నారు? ఎదురు భవనంలో లిఫ్టు. మన ఇంటి దగ్గరా అంతేగా, ఏడాదిన్నరగా ప్రతి ఆదివారం నన్ను వెంటేసుకుని తన లిఫ్టులన్నీ ఎక్కించడమే మా షికారు. పైకి వెళ్తుంటే గోడకి చెవి ఆనించి కళ్ళు మూసుకుని నిలబడ్డారు. ఒంట్లో బాగాలేదనుకుని పక్కవాళ్ళు జరిగి చోటిచ్చారు. పైన దిగాక "ఎలా ఉంది?" అని అడిగారు. "బాగుంది, నలభై దగ్గర కొంచెం గాలి ఈల వేసింది" అన్నాను. "ఆ, నేనూ విన్నాను" అన్నారు.

మొక్కలు మీ దయ.

మీ మరదలు


నాలుగో అంతస్తు, కుట్టుమిషను పక్కన
ఆదివారం

మరదలు పిల్లా,

నీ ఉత్తరం తొమ్మిదో రోజుకి చేరింది. రెండుసార్లు చదివాను, టమాటా రసం దగ్గర మూడోసారి కూడా. మంచి చీర కట్టుకుని లిఫ్టెక్కడం నీకే చెల్లింది. పెళ్ళిచూపుల నాడే చెప్పాను, మావాడికి ఇనుముతోనే సరసమని. నువ్వు వింటేగా.

నీ మొక్కలు బాగున్నాయి. ఒకటి చచ్చిపోయింది, కానీ అది నువ్వుండగానే ఆ నిర్ణయం తీసుకున్నట్టుంది. మీ ఇంటి తలుపు రోజూ తీసి గాలి తగలనిస్తున్నాను. ఎదురెదురు తలుపులు కావడం వల్ల నాకు రెండిళ్ళ దుమ్ము దక్కింది.

పని బాగానే ఉంది. ఒక పెళ్ళివారు ఇరవై రెండు జాకెట్లు ఇచ్చారు. కొలతలకి ఒక్కొక్కరే వచ్చి వెళ్తున్నారు, లిఫ్టు రోజంతా పైకీ కిందకీ తిరుగుతూనే ఉంది. ఆ మాటకొస్తే, మన లిఫ్టు మూడో అంతస్తు దాటేటప్పుడు ఒక చప్పుడు చేస్తోంది. తుప్పు పట్టిన కత్తెరతో మందపు గుడ్డ కోసినట్టు కర్రుమంటోంది. మీరు వెళ్ళాక మొదలైందో ముందే ఉందో తెలీదు. కిందింటి పాటల టీచరు ఆ శ్రుతి బాగాలేదని నాతో ఫిర్యాదు చేసింది. లిఫ్టులో అద్దం పక్కన మావాడు చూసి సంతకం పెట్టిన కార్డు ఉంది కదా, మీరు బయలుదేరడానికి రెండు రోజుల ముందు తారీఖు వేసి. అది చూపించి ఆవిడ నోరు మూయించాను.

వాడి చెవులు తెరుచుకున్నాయా? తెరుచుకోకపోతే కంగారుపడి డాక్టర్ల చుట్టూ తిప్పకు. కొన్ని వాటంతటవే సర్దుకుంటాయి.

నీ వదిన


పదిహేడో అంతస్తు
గురువారం

వదినా,

పొద్దున్న ఫోను చేసి "లిఫ్టు ఆపించండి, ఎవర్నీ ఎక్కనివ్వకండి, కారణం ఉత్తరంలో రాస్తాను" అని పెట్టేశాను. మీరు "ఏమైందే" అని అడుగుతూనే ఉన్నారు. స్నానాల గదిలో నీళ్ళు ఆగిపోయాయి, ఆయన వచ్చేస్తున్నారని పెట్టేశాను. ఆ తర్వాత నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన పక్కనే నిలబడినా ఫోనులో మాటలు ఆయనకి వినపడవు.

అదే వదినా సంగతి. మీ తమ్ముడికి వినపడదు. విమానం మూసిన చెవులు కావవి. రెండేళ్ళ నుంచి మెల్లమెల్లగా పోతున్నాయి.

మీకెలా చెప్పాలో తెలియక ఇన్నాళ్ళూ చెప్పలేదు. తల్లిలా పెంచారు, మీరు తట్టుకోలేరనుకున్నాను.

వాళ్ళ పనిలో ఆఖరి పరీక్ష చెవిదే. కొలతలన్నీ సరిపోయాక లోపల ఫ్యాను ఆపి, ఒక్కరే నిలబడి, కింద నుంచి పైకి ఒకసారి, పై నుంచి కిందకి ఒకసారి. ఏమీ వినపడకపోతే కార్డు మీద సంతకం. కంటికి కనపడని అరుగుదల ముందు చెవికే తెలుస్తుందట. ఈ పద్ధతి కొత్తగా చేరినవాళ్ళందరికీ నేర్పింది కూడా ఆయనే.

ఏడాదిన్నర కింద ఒక ఆదివారం షికారుకి రమ్మన్నారు. పెళ్ళైన ఇన్నేళ్ళకి నా మీద ఇంత ప్రేమ పుట్టుకొచ్చిందేమిటా అని మురిసిపోయాను. ఒక లిఫ్టు ఎక్కించి "ఎలా ఉంది?" అన్నారు. తర్వాతి వారం ఇంకోటి. మూడో వారం నాకు అర్థమైంది. నా చెవులతో వింటున్నారు. ఇరవై ఆరేళ్ళు ఫోనులో ఊపిరి చప్పుడు బట్టి మనిషిని గుర్తుపట్టినదాన్ని, మోటారు మూలిగితే వినలేనా? నేను "రెండో అంతస్తు దగ్గర ఏదో గీసుకుంటోంది" అంటే, మర్నాడు వెళ్ళి అది బాగుచేసేవారు. తర్వాతే సంతకం. అలా సాగిపోయింది. నాకు బాధేసింది, షికారు కాదని. అయినా నిజం చెప్పనా, ఆయనకి నేను అంతగా అవసరం కావడం నాకు ఇష్టంగానే ఉండేది.

మేం బయలుదేరే ముందు ఆదివారం నాకు జ్వరం. మన లిఫ్టు చూడ్డానికి ఆయన ఒక్కరే వెళ్ళారు. వద్దని చెప్పాలి. చెబితే, నాకు తెలుసన్న సంగతి ఆయనకి తెలిసిపోతుంది. దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకున్నాను. మీ ఉత్తరంలో కత్తెర చప్పుడు చదివినప్పటి నుంచి నా గుండెలో రాయి పడింది. ఆ లిఫ్టులో మీరు తిరుగుతున్నారు. పెళ్ళివారు తిరుగుతున్నారు.

తప్పు ఆయనది ఎంతో నాది కూడా అంతే.

మీ మరదలు


నాలుగో అంతస్తు
శనివారం

మరదలా,

నువ్వు ఫోను పెట్టేసిన అరగంటలో లిఫ్టు ఆగిపోయింది. కింద మీటరు గదిలో ఫ్యూజు పీకి నా గుండీల డబ్బాలో పడేశాను. దర్జీ సుద్దతో లిఫ్టు తలుపు మీద "ఎక్కరాదు" అని రాశాను. ఎందుకని అడిగినవాళ్ళకి కాలిపోయిందన్నాను. పెళ్ళివారిలో సగం మంది నాలుగంతస్తులు ఎక్కలేక కొలతలు కబురు మీద పంపించారు. ఆ జాకెట్లు ఎవరికి పడతాయో వాళ్ళే తేల్చుకోవాలి. పాటల టీచరు మూడు మెట్లకోసారి ఆగి మోకాళ్ళు పట్టుకుని నన్ను తలుచుకుంటోంది, మంచిగా కాదు.

తర్వాత నీ ఉత్తరం వచ్చింది. నువ్వు రాసింది నాకు తెలుసు.

నేను కుట్టుకుంటుంటే పక్క గదిలోంచి "అక్కా, సూది మొద్దుబారింది" అని అరిచేవాడు వాడు. పోయినేడాది మిషను వదులై గిలకలా కొట్టుకుంటుంటే నా పక్కనే కూర్చుని పేపరు చదువుకున్నాడు. ఆ రోజే తెలిసింది. నీకు చెప్పలేదు. నువ్వు తట్టుకోలేవనుకున్నాను. ఒకరికి తెలియకుండా ఒకరం ఒకే దొంగని దాచిపెట్టాం.

మా నాన్న వాచీలు బాగుచేసేవాడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ప్రతి వాచీ నా చెవి దగ్గర పెట్టి "నడుస్తోందా బుజ్జీ?" అని అడిగేవాడు. ఆటనుకున్నాను. నడవకపోయినా నడుస్తోందని చెప్పేదాన్ని, నాన్న మొహం వెలుగుతుంది కదా అని. వాచీ ఆగితే ఎవరికీ ఏమీ కాదు. అందుకే ఆ అబద్ధం ఇన్నేళ్ళూ నన్ను బాధపెట్టలేదు. ఇప్పుడు బాధపెడుతోంది.

అసలు సంగతికి వస్తాను. మన భవనం సెక్రటరీగారు కంపెనీకి ఫోను చేశారు. మంగళవారం మెకానిక్ వచ్చాడు. మావాడి దగ్గరే పని నేర్చుకున్న మనిషి, ఇప్పుడు ఆయనకీ జుట్టు నెరిసింది. కార్డు మీద సంతకం చూసి, "మా గురువుగారు చూసిన లిఫ్టు. ఫ్యూజు వేస్తే చాలు, ఇందులో నేను చూసేదేముంది" అని కొత్త ఫ్యూజు వేశాడు. సెక్రటరీ లోపలికి అడుగు పెట్టబోయాడు. పాటల టీచరు అప్పటికే సంచీతో తయారు.

నోరు తెరిస్తే వాడి ముప్పై ఏళ్ళ పరువు పోతుంది. తెరవకపోతే ఏమవుతుందో తెలీదు. "ఆగండి. మావాడికి వినపడదు. ఆ సంతకాన్ని నమ్మకండి" అన్నాను. మెట్ల మీద అంతమందిలో.

మెకానిక్ నన్ను ఒకసారి చూసి, లోపలికెళ్ళి ఫ్యాను ఆపాడు. ఒక్కసారి పైకెళ్ళి వచ్చాడు. ఆ తర్వాత గంటన్నర పని చేశాడు. లిఫ్టు పెట్టె పట్టాల మీద జారే చోట ఒక ముక్క అరిగిపోయి, మూడో అంతస్తు దగ్గర పట్టాని గీకుతోందట. ఇంకో నెల తిరిగితే మనుషులతో సహా ఇరుక్కునేదన్నాడు. నేను టీ ఇస్తే తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

"అమ్మా, కంపెనీకి నేను రాస్తే ఒకలా ఉంటుంది, ఆయనంతట ఆయన రాస్తే ఒకలా ఉంటుంది. నెలాఖరు దాకా ఆగుతాను. కానీ ఆయన ఒంటరిగా చూసి సంతకం పెట్టినవి ఇంకా ఎన్నున్నాయో నాకు తెలియాలి. అది ఆయనొక్కరికే తెలుసు" అన్నాడు.

ఈలోగా దొరికినవి దొరికినట్టు తానే తిరిగి చూస్తానన్నాడు. కానీ మావాడు ముప్పై ఏళ్ళుగా తిరిగిన ఊరు, ఎక్కడని వెతుకుతాడు?

నేను వాడికి చెప్పలేను. చిన్నప్పుడు వాడికి జ్వరమొస్తే చేదు మందు కూడా పక్కింటావిడ చేత వేయించేదాన్ని. నువ్వే చెప్పాలి. ఆలస్యం చెయ్యకు.

నీ వదిన


పదిహేడో అంతస్తు
బుధవారం

వదినా,

చెప్పలేదు. మీ ఉత్తరం చేతికిచ్చాను. గట్టిగా అరిచి చెప్పాల్సిన సంగతి కాదది, మెల్లగా చెబితే వినపడదు.

కిటికీ దగ్గర నిలబడి చదివారు. మడిచారు. మళ్ళీ విప్పి చదివారు. "వాచీల సంగతి నాకు తెలీదు" అన్నారు. అంతే. చొక్కా మార్చుకుని కిందకి వెళ్ళిపోయారు. పదిహేడంతస్తులూ మెట్లు దిగారని తర్వాత తెలిసింది. రెండు రోజులు ఇంతే: వర్క్‌షాపుకి వెళ్ళడం, రావడం, తినడం. నేను వండింది బాగుందనీ బాగాలేదనీ అనలేదు. కోప్పడితే బాగుండుననిపించింది.

నిన్న సాయంత్రం వచ్చి, చేతులు కడుక్కుంటూ కుళాయి అలాగే వదిలేసి, "దీని చప్పుడు వస్తోందా?" అన్నారు. ఆయన నా పెదవుల వంకే చూస్తుంటే, వస్తోందన్నాను. ఫ్రిజ్ దగ్గరికెళ్ళి, "ఇది?" అన్నారు. సన్నగా గుర్రుమంటోందన్నాను. గడియారం. కిటికీ అద్దం మీద వాన. పై గదిలో ఎవరో కుర్చీ జరిపారు, అదీ చెప్పాను. ఒక్కొక్కటీ చూపించి అడుగుతూ గదంతా తిరిగారు. ఏడాదిన్నరగా "ఎలా ఉంది?" అని అడిగిన మనిషే, కానీ నిజంగా అడగడం నిన్ననే.

తర్వాత మంచం మీద కూర్చుని, "నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నారు.

"మూడో ఆదివారం."

"మరి నాలుగో ఆదివారం ఎందుకొచ్చావు?"

"మీతో బయటికి రావడం బాగుండేది."

ఆయన ఏడ్చారు వదినా. నేను ఆయన్ని ఏడవగా చూడలేదెప్పుడూ. నేనూ ఏడ్చాను. జ్వరం రోజు దుప్పటి సంగతి కూడా చెప్పేశాను. "నువ్వు నిద్రపోతున్నావనుకున్నాను" అన్నారు.

ఇప్పుడు బల్ల దగ్గర కూర్చుని ఏదో రాస్తున్నారు. రెండు కాగితాలు చింపేశారు. నన్ను చూడొద్దన్నారు. ఇది ఆయన రాసినదానితో పాటే పోస్టు చేస్తాను.

మీ మరదలు


పదిహేడో అంతస్తు
సోమవారం

అక్కా,

నీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. ఎదురు తలుపువాళ్ళకి ఎవరు రాస్తారు? తప్పులుంటే నువ్వే దిద్దుకో.

మెట్ల మీద నువ్వు అన్నమాట సరైనది. ఆ మాట నేను రెండేళ్ళ కింద అనాల్సింది. నా బదులు నువ్వు అన్నావు, అది నీకు ఎంత కష్టమో నాకు తెలుసు. నా పరువు గురించి బాధపడకు. అది నువ్వు తీసింది కాదు.

కంపెనీకి రాశాను, నకలు దీనితో ఉంది. ఇక నా సంతకం చెల్లదనీ, చెవి పరీక్ష నా చేత చేయించవద్దనీ రాశాను. ఒంటరిగా చూసి సంతకం పెట్టిన లిఫ్టుల జాబితా వేరే కాగితం మీద ఉంది. పదకొండు. గుర్తు తెచ్చుకుని తారీఖులతో రాశాను. మొదటిది ఆస్పత్రి లిఫ్టు, ఆ ఆదివారం నీ మరదలికి డ్యూటీ పడింది. ఆ కాగితం నువ్వే స్వయంగా మెకానిక్ చేతికివ్వు. ముందు ఆస్పత్రికి వెళ్ళమను, ఆ మాట తను ఇవాళే నీకు ఫోనులో కూడా చెబుతుంది. వాడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే, కానీ వాడి చెవి నాకన్నా మంచిదని మొదటి రోజే నాకు తెలుసు. ఎప్పుడూ వాడితో అనలేదు. ఇప్పుడు చెప్పు.

ఒక్క సంగతి తనకి చెప్పాను, నీకూ చెప్పాలి. మన లిఫ్టులో ఆ రోజు ఫ్యాను ఆపాను. కళ్ళు మూసుకున్నాను. పైకెళ్ళాను, కిందకొచ్చాను. ఏమీ వినపడలేదు. నాకు సంతోషం వేసింది, లిఫ్టు బాగుందని. ఏమీ వినపడకపోతే సంతకం పెట్టమని అందరికీ నేర్పినవాణ్ణి కదా. కింద తలుపు తీసేసరికి పాటల టీచరు ఎదురుగా నిలబడి పెదవులు కదుపుతోంది. ఆవిడ గొంతు నాలుగిళ్ళకి వినిపిస్తుందని నీకు తెలుసు. నాకు ఆవిడ మాట కూడా రాలేదు. అప్పుడు అర్థమైంది. ఎల్లుండే ప్రయాణం. పెట్టెలు సర్ది ఉన్నాయి. ఆవిడకి నవ్వి తల ఊపి, కార్డు తీసి సంతకం పెట్టాను. తెలియక పెట్టింది కాదక్కా. తెలిశాకే పెట్టాను.

ఆ కార్డు తీసేయి. దాచిపెట్టొద్దు, చింపెయ్యి.

ఇక్కడ వర్క్‌షాపు పెద్దాయనకి కూడా చెప్పాను. కోప్పడలేదు. తన చొక్కా జేబులోంచి చిన్న మిషను తీసి చెవిలో పెట్టుకుని చూపించాడు. తనకీ ఉందట. శుక్రవారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానన్నాడు. వచ్చాక నన్ను ఏ పనిలో పెడతారో కంపెనీ ఇష్టం. చేతులు బాగానే ఉన్నాయి. లేదంటే నీ గుండీలు కుడతాను.

నిన్న ఆదివారం. ఎక్కడికని అడిగింది. లిఫ్టు లేని చోటికన్నాను. మంచి చీర కట్టుకుంది. నది ఒడ్డున చాలా దూరం నడిచాం, ఒకచోట కూర్చున్నాం, మళ్ళీ నడిచాం. దారంతా ఏదో చెబుతూనే ఉంది. సగం వినపడలేదు. వినపడనప్పుడల్లా "వినపడలేదు" అన్నాను. తను మళ్ళీ చెప్పింది.

తమ్ముడు